రెండో బంతి

మార్చిలో మా అమ్మాయి స్కూల్లో చరిత్రలో నిలిచిన ఒక మహిళ గురించి మాట్లాడమన్నారు. డాలస్‌లో ఆరో క్లాసు పిల్లలు ఎంచుకునే పేర్లు ఎప్పుడూ ఆ నాలుగైదే. "మన రాజమండ్రి ఆవిడ గురించి చెప్పవే" అని నేనే పట్టుబట్టాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే, పెద్దయ్యాక ఆ పెళ్ళి నాకొద్దని చెప్పేశారు. ఇంగ్లీషులో చదువు చెప్తున్నారని బడి మానేశారు కూడా. అది వినగానే "నేను ఆదివారం తెలుగు క్లాసు మానేశాను కదా, నేనూ అంతే" అంది మా పిల్ల. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారని, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారని చెబితే తల ఊపి ఊరుకుంది. దానికి నచ్చింది 1923 నాటి ముచ్చటే. కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో పద్నాలుగేళ్ళ దుర్గాబాయి ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. టికెట్ లేదని నెహ్రూ అంతటివాణ్ణి ఆపేసింది. టికెట్ తెచ్చాకే లోపలికి వదిలింది. మా అమ్మాయి ఆ సీను క్లాసులో నటించి మరీ చూపించిందట. ఊళ్ళో అందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాను.

జూన్‌లో ఊరెళ్ళాం. రాజమండ్రిలో దిగి గోదావరి రేవుకి వెళ్ళాం. 1881 డిసెంబర్‌లో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేశారని చెప్పాను.

"అందరికీ వండితే, మరి ఆవిడ ఎప్పుడు తింది?"

నాకెప్పుడూ రాని ప్రశ్న.

అక్కణ్ణుంచి రామచంద్రపురం, మా పుట్టిల్లు. పక్కనే ద్రాక్షారామం. చిన్నప్పుడు భీమేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. 1922లోనే స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళిన దువ్వూరి సుబ్బమ్మ గారిది ఆ ఊరేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ ప్రాజెక్టు పుణ్యమా అని చదివి తెలుసుకున్నాను.

ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఆకులు వేయగానే మా అమ్మాయి వెళ్ళి మగవాళ్ళ మధ్య కూర్చుంది. మా పెద్దన్నయ్య నవ్వుతూనే, "నువ్వు రెండో బంతిలో అమ్మతో కూర్చుందువుగానిలే తల్లీ" అన్నాడు.

"ఎందుకు మామయ్యా? నాకు ఇప్పుడే ఆకలేస్తోంది."

అంతా ఒక్కసారి మాటలాపేశారు. నేను గబగబా వెళ్ళి దాని చెయ్యి పట్టుకుని లేపేశాను. "పెద్దవాళ్ళకి ఎదురు చెప్తావా?" అని వంటింట్లో గట్టిగానే కేకలేశాను.

రాత్రి డాబా మీద పడుకున్నాక మెల్లగా అడిగింది. "నెహ్రూని ఆపితే నువ్వు అందరికీ ఫోన్ చేసి చెప్పావు. నేను మామయ్యని ఎందుకు అని అడిగితే తిట్టావు. ఎందుకమ్మా?"

అలిసిపోయావు, పడుకో అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

పక్క మంచం మీద అమ్మ నిద్రపోయిందనుకున్నాను. అటు తిరిగే అంది: "అడిగితే తప్పేంటే? నేనీ ఇంటికొచ్చి యాభై ఏళ్ళు. పనసపొట్టు కూర రెండో బంతి దాకా ఎప్పుడొచ్చింది గనక?"