కీమో రోజు, ఐసు గ్లౌజులు

ఇవాళ నా రొమ్ము కేన్సర్‌కు కీమో. లేవగానే ఫ్రీజర్ తీసి, మందు ఎక్కేటప్పుడు చేతులకూ పాదాలకూ పెట్టుకునే జెల్ ప్యాకులు ఒక్కొక్కటీ నొక్కి చూశాను. రాత్రి కరెంటు పోయి వచ్చింది, సరిగ్గా గడ్డకట్టాయో లేదోనని టెన్షన్. కట్టాయి. థర్మాకోల్ డబ్బాలో అడుగున ఐసు ముక్కలు, వాటి మీద ప్యాకులు, పైన పాత దుప్పటి. మే నెల ఎండలో నయీంనగర్ నుంచి హాస్పిటల్ దాకా ఆటోలో పోయేసరికి ఆ దుప్పటి లేకపోతే సగం కరిగిపోతాయి.

అత్తమ్మ గడప దగ్గరే ఆపింది. "పాణం బాగలేనిదానివి, ఆ సల్లటిది ఎందుకు బిడ్డా?" అని. వారం వారం అడిగే మాటే. బాలింతనీ జ్వరమొచ్చినవాళ్లనీ చల్లనీళ్లు ముట్టనివ్వని ఇల్లు మాది, ఆమె భయం నాకు తెలుసు. ఇవాళ ఇంకా టైముంది కదా అని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

నాకు ఎక్కించే మందు పాక్లిటాక్సెల్. మన కణాల లోపల సన్నటి గొట్టాల్లాంటివి ఉంటాయట. కణం రెండుగా చీలాలంటే అవి కట్టుకుంటూ విప్పుకుంటూ ఉండాలి. ఈ మందు వాటిని విప్పుకోనివ్వకుండా బిగించేస్తుంది, కేన్సర్ కణం చీలలేక చస్తుంది. అయితే నరాలకూ ఆ గొట్టాలే ఆధారం. వెన్నుపూస పక్కనున్న కణం నుంచి కాలి బొటనవేలి దాకా కావలసిన సరుకంతా వాటి మీదే పోతుంది. కాజీపేట దగ్గర పట్టాలు చెడిపోతే దూరాన ఉన్న స్టేషన్లకు సరుకు ముందు ఆగినట్టు, పొడుగాటి నరాల కొసలు ముందు దెబ్బతింటాయి. అందుకే తిమ్మిర్లు కాలివేళ్లలో, చేతివేళ్ల చివర్లలో మొదలై పైకి పాకుతాయి. మందు ఎక్కుతున్నంతసేపూ చేతుల్నీ పాదాల్నీ బాగా చల్లగా ఉంచితే అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం తక్కువ పోతే మందూ తక్కువే చేరుతుంది.

అంతా విని, "అంటే మందును వేళ్లకాడికి రానియ్యద్దంటున్నవు. మరి రోగం పోయి ఆడ దాసుకుంటే?" అంది. ఎంత మంచి ప్రశ్న! ఇదే మాట నేను డాక్టరుగారిని అడిగాను. రొమ్ము కేన్సర్ వేళ్లకు పాకడం చాలా చాలా అరుదని చెప్పారు. ఆ మాట చెప్పాక అత్తమ్మ తనే డబ్బా పట్టుకొచ్చి ఆటోలో పెట్టింది.

వేళ్ల గురించి నాకింత పట్టింపు ఎందుకంటే, నా బతుకు వాటి మీదే ఉంది. జాకెట్లు కుడతాను. హుక్కులు, కాజాలు, చీర ఫాల్సు అన్నీ చేతిపనే. బట్ట ఉల్టానో సీదానో చూడకుండా బొటనవేలితో రాసి చెప్పగలను. కీమో అయిపోయాక జుట్టు వస్తుంది, రంగు తేలుతుంది. చెడిన నరం మాత్రం కొందరికి నెలలకు తేరుకుంటుంది, కొందరికి ఏళ్లు గడిచినా పూర్తిగా తేరుకోదు. జుట్టు ఊడినప్పుడు ఏడవలేదు, ఈ సంగతి తెలిసిన రోజు ఏడ్చాను.

హాస్పిటల్లో మొదట అలర్జీ రాకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు. వాటికి నిద్ర ముంచుకొస్తుంది. సిస్టర్ "ఇంక పదిహేను నిమిషాల్లో మందు మొదలుపెడతా" అనగానే మా అమ్మాయి గ్లౌజులు తొడిగింది. నేను కుట్టినవే. మెత్తటి కాటన్ రెండు పొరలు, బయట ప్యాకు పట్టే జేబులు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు, తగిలితే కాలినట్టే బొబ్బలొస్తాయి. నాకు ఛాతీలో పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చిన చిన్న పరికరం) ఉంది కాబట్టి రెండు చేతులూ ఖాళీగా దొరికాయి.

మొదటి పది నిమిషాలే నరకం. గోళ్ల కింద సూదులు దిగినట్టుంటుంది. పళ్లు బిగపట్టి పైన ఫ్యాను వైపు చూస్తూ ఉంటాను. తర్వాత నొప్పి పోయి మొద్దుబారుతుంది. మందు గంటసేపు, దానికి ముందు పావుగంట, తర్వాత పావుగంట. మధ్యలో ప్యాకులు మెత్తబడితే అమ్మాయి మారుస్తుంది, ఆ వంకతో వేళ్లు తెల్లగా పాలిపోయాయా అని చూస్తుంది. ఇడ్లీ కూడా తనే తినిపించింది.

పక్క బెడ్డు మీద జనగామ నుంచి వచ్చిన పెద్దమ్మ. పేగు కేన్సర్. నా చేతులు చూసి, తనకూ తిమ్మిర్లొస్తున్నాయి, ఒక ప్యాకు ఇమ్మంది. నేను అమ్మాయి వైపు చూసేలోపే సిస్టర్ పరుగున వచ్చి ఆపింది. ఆమెకిచ్చేది ఆక్సాలిప్లాటిన్. ఆ మందుతో చలి తగిలితేనే చేతులు జివ్వుమంటాయి, చల్లనీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. ఫ్రిజ్ తలుపు తీయాలన్నా ఆమెకు భయమేనట. గోరువెచ్చని నీళ్లే తాగాలి. ఒకే గదిలో, ఒకే తిమ్మిరి అనుకునే ఇద్దరం, నాకు మేలు చేసేది ఆమెకు బాధ పెడుతుంది. కాబట్టి ఎవరైనా సరే తమ డాక్టరును అడగకుండా ఐసు జోలికి పోవద్దు. షుగరు ముదిరి ముందే నరాలు చెడినవాళ్లు, చలికి వేళ్లు నీలంగా మారేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది, ఈ ఐసు సంగతి వెతికి తెచ్చింది తనే. 2018లో అచ్చయిన జపాన్ పరిశోధన ఒకటి చూపించింది. క్యోటోలో ఆడవాళ్లకు ఒకవైపు చేతికీ పాదానికీ మాత్రమే ఐసు తొడిగి, రెండోవైపు వదిలేశారట. చేతి స్పర్శ తగ్గడం ఐసు పెట్టని వైపు నూటికి 81 మందిలో, పెట్టిన వైపు 28 మందిలో కనిపించింది. అదే మనిషి, అదే మందు, రెండు చేతుల మధ్య అంత తేడా. అందరి పరిశోధనల్లోనూ ఇంత బాగా తేలలేదనీ, చలికి తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారనీ కూడా తనే చెప్పింది. అమెరికా కేన్సర్ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దీన్ని గట్టిగా సిఫారసు చేయలేదు, పెద్ద పరీక్షలు ఇంకా జరగాలన్నాయి. గ్యారంటీ లేదని తెలిసే చేస్తున్నాను. నా వేళ్ల కోసం నా చేతిలో ఉన్నది ఇదొక్కటే.

సాయంత్రం మిషన్ ముందు కూర్చున్నాను. కళ్లు మూసుకుని పట్టు ముక్కనీ కాటన్ ముక్కనీ రాసి చూశాను, తేడా తెలిసింది. హుక్కులు కుట్టాను, సూది జారలేదు. ఎడమ కాలి చిటికెన వేలు దగ్గర కొంచెం తిమ్మిరి ఉంది. డాక్టరుగారికి చెప్పాను. "చిన్నదే కదా అని దాచొద్దమ్మా, ఎక్కువైతే డోసు తగ్గిస్తాం, లేదా గ్యాప్ ఇస్తాం" అన్నారు.

వచ్చే వారం ఇదే మందు మొదలుపెట్టబోయే పర్కాల అమ్మాయి కనిపించింది. కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తుందట, డాక్టరుగారు ఐసుకు సరేనన్నారట, గ్లౌజులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. నేనే కుట్టి ఇస్తానన్నాను. కాటన్ ఉంది, జేబులకు రెక్సిన్ తేవాలి. రేపు ఫోన్ చేసి అరచేయి కొలత, పాదం కొలత అడగాలి.