కొబ్బరితోటలో పడిన చుక్క

ఉద్దానం కిడ్నీ రోగుల చిరునామాలను పటం మీదికి ఎక్కించే పనిలో కొంతకాలంగా ఉన్నాను. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు ఇంతగా ఎందుకు పాకిందో ఇప్పటికీ తేలలేదు. భూగర్భ జలాలనీ, ఎండలో చేసే కష్టమనీ అనుమానాలు చాలానే ఉన్నాయి. నీటిని అనుమానిస్తే ఏ ఇంటివారు ఏ నూతి నీళ్లు, ఏ బోరు నీళ్లు తాగారో తెలియాలి కనుక, ఇల్లు ఎక్కడుందన్నదే మొదట తేల్చుకోవలసిన సంగతి.

మా చేతికి వచ్చే చిరునామా సాధారణంగా తండ్రి పేరు, 'రామాలయం వెనుక' అన్న గుర్తు, ఊరి పేరు, పిన్ కోడ్‌తో ముగుస్తుంది. ఒకసారి, చిరునామాలను పటం మీద చుక్కలుగా పెట్టే సాఫ్ట్‌వేర్ చూపిన ఫలితంలో పదుల కొద్దీ రోగులు ఒకే చుక్క మీద పేరుకుపోయి కనిపించగా, ఉపగ్రహ చిత్రాన్ని దగ్గరికి తెచ్చి చూశాను. అక్కడ ఇల్లే లేదు, కొబ్బరితోట ఉంది. ఊరు దొరకని ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ పిన్ కోడ్ ప్రాంతం నడిమధ్యన చుక్క పెట్టేసింది. 1972లో ఉత్తరాల బట్వాడా కోసం వచ్చిన పిన్ కోడ్ కింద ఎన్నో ఊళ్లు ఉంటాయి. ఆ చుక్కను నమ్మితే, మనిషన్నవాడే లేని తోట వ్యాధికి కేంద్రంగా తేలుతుంది. నా దృష్టిలో ఖాళీగా వదిలిన గడి కంటే ఇలాంటి చుక్క ఎక్కువ హాని చేస్తుంది. అందుకే ఇప్పుడు ప్రతి చుక్క పక్కనా అది ఇంటి దగ్గర తీసినదా, వీధిని బట్టి పెట్టినదా, ఊరి మధ్యన పెట్టినదా అని తప్పకుండా రాస్తున్నాము. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ స్థానాలనూ కాపాడుకోవాలి. రెండే అంకెలు మిగిలితే చుక్క అర కిలోమీటరుకు పైగా పక్కకు జరిగిపోవచ్చు.

డయాలసిస్ కోసం విశాఖపట్నంలో బంధువుల ఇంట ఉంటున్నవారు ఆసుపత్రిలో ఆ చిరునామానే రాయిస్తారు. కిడ్నీలు దెబ్బతినడానికి ఏళ్లు పడుతుంది కనుక, నేటి చిరునామా సరిగ్గానే ఉన్నా అది జబ్బు మొదలైన నాటి ఇల్లు కాకపోవచ్చు. పైగా 2023 డిసెంబరులో ప్రారంభమైన పథకంతో హిరమండలం జలాశయం నీరు గొట్టాల ద్వారా ఉద్దానానికి వస్తోంది. నేటి కుళాయి నిన్నటి నీటి సంగతి చెప్పదు.

ఒక ఊళ్లో ఆశా కార్యకర్త నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, పటంలో లేని సందులో ఒక ఇల్లు చూపించింది. గుమ్మం దగ్గర ఫోనులో స్థానం నమోదు చేస్తుంటే, ఆ ఇంటి పెద్దావిడ పెరటి వైపు చెయ్యి చూపింది. "నా పెళ్లైన కాడ్నించి ఆ నూతి నీళ్లే తాగినాం బాబూ." నుయ్యి మీద రేకు కప్పి, దాని మీద కొబ్బరి మట్టలు పేర్చారు. ఈ వివరాలు బయటపడితే ఇంట్లో పిల్లకు సంబంధాలు రావేమోనని ఆమె భయపడింది. బయటికిచ్చే పటంలో చుక్కను కావాలనే కొంత దూరం జరుపుతామని, అసలు స్థానం ఎవరికీ ఇవ్వబోమని కూర్చుని వివరించాను. ఆమె సరేనన్న తరువాత పెరట్లోకి వెళ్లి, నూతి గట్టు దగ్గర నిలబడి రెండో స్థానం నమోదు చేశాను.