గుండు పనిచెయ్యని శత్రువు ముందు సిపాయి

ఏలియన్స్ మీద మన తుపాకులు పనిచెయ్యకపోతే సోల్జర్ ఏం చేస్తాడు అనుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది హెచ్.జి. వెల్స్ రాసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవల, 1898లో పుస్తకంగా వచ్చింది. అంగారక గ్రహం నుంచి వచ్చిన మార్షియన్లు మూడుకాళ్ళ యంత్రాల్లో ఇంగ్లాండ్ మీద పడే కథ. అందులో ఫిరంగి దళం సిపాయి ఒకడున్నాడు, పేరు కూడా ఉండదు, వాడే నన్ను వదలడు. ఫిరంగితో వస్తుంటే వాడి గుర్రం కాలు కుందేలు బొరియలో పడుతుంది, వాడు పల్లంలోకి ఎగిరిపడతాడు, అదే క్షణంలో వెనక ఫిరంగి, మందుగుండు అన్నీ పేలిపోతాయి, చూసుకునేసరికి కాలిపోయిన తోటివాళ్ళ శవాల కింద ఉంటాడు. బతికాడంటే ఆ బొరియ పుణ్యమే! తర్వాత ఒకింట్లో టేబుల్ మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడుస్తాడు, అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది.

అసలు దెబ్బే తగలదని కాదు. షెపర్టన్ అనే ఊరి దగ్గర ఒక ఫిరంగి గుండు సరిగ్గా ఒక మూడుకాళ్ళ యంత్రం తలకి తగిలి లోపలి మార్షియన్ చస్తాడు, ఆ తర్వాత వాళ్ళు ఫిరంగులు దాచిన చోటల్లా నల్లటి విషపు పొగ వదుల్తారు. ఇదే కథతో తీసిన 1953 సినిమాలో అయితే అణుబాంబు వేసినా ఏం కాదు, కానీ నాకు పుస్తకమే ఎక్కువ భయం.

మనకి రక్తబీజుడు ఉన్నాడుగా, నరికేకొద్దీ పుట్టుకొస్తాడు, కాళి ఆ రక్తం నేల మీద పడకుండా తాగేస్తేనే పోయాడు. మార్షియన్లని చంపింది కూడా ఆయుధం కాదు, మనకి ఎప్పటినుంచో అలవాటైన సూక్ష్మక్రిములు. పాపం ఆ సిపాయికి అదేం తెలీదు, లండన్‌లోని పట్నీలో ఒక ఇంటి నేలమాళిగలో సొరంగం తవ్వుకుంటూ ఉంటాడు.