మలావీ వార్డులో ప్రార్థన

ఆఫ్రికాలోని మలావీలో మన మొహం చూడగానే కొట్టు యజమాని అనుకుంటారు. బ్లాంటైర్, లింబే, జోంబా బజార్లలో తరతరాలుగా వ్యాపారాలు చేసుకుంటున్న గుజరాతీ కుటుంబాలు చాలా ఉన్నాయి. భారతీయులను అక్కడ ‘అమ్వెన్యే’ అంటారు. అమ్వెన్యే అంటే వాళ్లకు గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి. ఆసుపత్రి వార్డులో బైబిలు పట్టుకుని నిలబడిన అమ్వెన్యేలను చూసి ముందు నవ్వారు, తర్వాత అనుమానపడ్డారు. ‘ఇండియాలో కూడా క్రైస్తవ సంఘాలున్నాయా?’ అని ఒక పెద్దాయన అడిగాడు. అమెరికా నుంచి 1883లో వచ్చిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ పెట్టిన ఆసుపత్రి మా గుంటూరులో ఇప్పటికీ ఉందని, మా అమ్మ నన్ను కన్నది అక్కడేనని చెప్పాను. అప్పటిగ్గానీ ఆయన చెయ్యి కలపలేదు.

రోగుల కోసం ప్రార్థన చేయడానికి మేం వెళ్లింది ఫిబ్రవరిలో. ముంబైలో ఎక్కి, అడిస్ అబాబాలో విమానం మారి బ్లాంటైర్‌లో దిగాం. మిషనరీ లివింగ్‌స్టన్ పుట్టిన స్కాట్లండు ఊరి పేరే దీనికీ పెట్టారు. అక్కడి పాత చర్చి భవనం చూశాం, ఫొటోలు దిగాం, సరే. అక్కణ్ణుంచి జోంబా వైపు ఒక జిల్లా ఆసుపత్రికి. ఫిబ్రవరి అక్కడ గడ్డు నెల. నిరుటి మొక్కజొన్న అయిపోయి ఉంటుంది, కొత్త పంట ఏప్రిల్‌కి గానీ రాదు. పైగా వానలు, దోమలు, మలేరియా. చాలా ఇళ్లలో ఆకలి, జ్వరం కలిసే వస్తాయి.

బయల్దేరే ముందే మా పాస్టరుగారు రెండు మాటలు గట్టిగా చెప్పారు. బైబిల్లో యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని ఉంది, పెద్దలు వెళ్లి రోగి మీద పడాలని లేదు. కాబట్టి పిలిచిన మంచం దగ్గరికే వెళ్లాలి. రెండోది, ప్రార్థన అయ్యాక ‘నీకు తగ్గిపోయింది’ అని ఎవ్వరూ అనకూడదు. ఆ దేశంలో ఇది చిన్న సంగతి కాదు. హెచ్ఐవి ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం మందులిచ్చే పద్ధతిని 2011లో ప్రపంచంలో మొదట మొదలుపెట్టింది మలావీయే. ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంతుందో చెప్పే సీడీ4 లెక్క చూసే మిషన్లు అప్పుడు పల్లెల్లో లేవు, పరీక్ష కోసం కూర్చుంటే తల్లీబిడ్డా ఇద్దరూ పోతారు, అందుకని పాజిటివ్ అని తేలగానే మాత్రలు మొదలుపెట్టారు. అలాంటి చోట ఎవరో విదేశీ భక్తుడు ‘స్వస్థత’ అని కేకేస్తే, ఆ మాట నమ్మి ఒక తల్లి మాత్రలు మానేసిందంటే ఆ పాపం ఎవరిది? మన సభల్లో కూడా మైకు ముందు ఈ లెక్క ఎవరూ వేయరు.

ఆసుపత్రిలో నా కళ్లు ముందు రోగుల మీద కాదు, వాళ్లతో వచ్చినవాళ్ల మీద పడ్డాయి. అక్కడ వాళ్లను గార్డియన్ అంటారు. రోగిని కడగడం, తినిపించడం, బట్టలు ఉతకడం, రక్తం శాంపిలు లాబ్‌కి మోయడం అంతా వాళ్లే. రాత్రి మంచం పక్కన నేల మీద చాప. వంటకి వార్డుల వెనక రేకుల షెడ్డు. మూడు రాళ్ల పొయ్యి మీద మొక్కజొన్న పిండి గట్టిగా కెలికి ఎన్సీమా చేస్తారు. కెలికే తెడ్డు మోచేయంత ఉంటుంది, కెలికేటప్పుడు భుజాలు రెండూ ఊగుతాయి. నడుముకి చితెంజే గుడ్డ, దాని కొంగులో ముడేసిన నాలుగు నోట్లు. మన పెద్దాసుపత్రి చెట్ల కింద క్యారేజీలు విప్పుకునేవాళ్లు గుర్తొచ్చారు.

‘ఓడీ’ అని గుమ్మం దగ్గర పిలవాలి, ‘ఓడిని’ అంటే లోపలికి రావచ్చు. వార్డు తలుపు దగ్గర కూడా అలాగే పిలిచేవాళ్లం. కాలు విరిగి పడుకున్న ఒకామెను, ‘అమ్మా, దేని గురించి ప్రార్థన చేయమంటావు?’ అని దుబాసీ కుర్రాడితో అడిగించాను. కాలు గురించి ఒక్క మాట లేదు. ఇంటి దగ్గర పిల్లలున్నారు, చేలో కలుపు తీసేవాళ్లు లేరు, పక్కవాళ్ల మేకలు పడుతున్నాయి, ఆ మేకల గురించి చేయమంది. చేశాం. మేకల కోసం మోకరించడం నాకదే మొదలు.

పిల్లల వార్డులో ఒక తండ్రి మమ్మల్ని చెయ్యిపట్టి తీసుకెళ్లాడు. మూడేళ్ల పాప, మలేరియా ముదిరి రక్తం బాగా పడిపోయింది. అరచేతులు, పెదాల లోపల తెల్లగా పాలిపోయాయి, ఊపిరికి పక్కటెముకల సందులు లోపలికి లాగుతున్నాయి. ‘ఓ గ్రూపు రక్తం కోసం అడగండి దేవుణ్ణి’ అన్నాడు. అంత సూటి ప్రార్థన మనవి నేనెక్కడా వినలేదు. పాస్టరుగారు నుదుటి మీద నూనె రాశారు. మాతో వచ్చిన నర్సమ్మక్క మాత్రం కళ్లు మూసుకోకుండా పాప ఊపిరే చూస్తూ ఉంది. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు లేదు. తండ్రి గ్రూపు కలవలేదు. సాయంత్రం చీకటిపడే వేళకి పాప మేనమామ కబాజా అనే సైకిల్ టాక్సీ ఎక్కి, మోకాళ్లదాకా బురదతో వచ్చాడు. దక్షిణ మలావీలో వంశం తల్లివైపు నుంచి లెక్క, మేనమామ మాటకి, మేనమామ బాధ్యతకి తిరుగు లేదు. ఆయన రక్తం సరిపోయింది. రెండోనాటికి పాప లేచి గంజి తాగింది.

మా జట్టులో ఒక తమ్ముడు ఆ రాత్రే వాట్సాప్‌లో సాక్ష్యం టైపు చేశాడు, ‘ప్రార్థించిన కొన్ని గంటల్లో అద్భుతం’ అని. నర్సమ్మక్క ఫోను లాక్కుని చదివింది. ‘ఒరేయ్, మేనమామ ఏడిరా ఇందులో?’ అంది. దేవుడు చేశాడనే ఆవిడా నమ్మింది. కానీ బురదలో పడొచ్చి సూది గుచ్చించుకున్న మనిషిని తీసేసి అద్భుతం అనడం ఆవిడకి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. తమ్ముడు కాసేపు మొహం మాడ్చుకుని, తిరగరాశాడు.

అందరికీ తగ్గలేదు. పక్క వార్డులో రోజూ మమ్మల్ని పేరుపెట్టి పిలిపించుకున్న ఒక తాత, నూనె రాసిన మర్నాడు తెల్లవారుజామున పోయాడు. ఆడవాళ్లు పాట ఎత్తుకుని చితెంజే కప్పారు. పాస్టరుగారు కూడా వెళ్లి నిలబడ్డారు. ఏమీ మాట్లాడలేదు. అది మంచి పని చేశారు.

చివరి రోజు వీడ్కోలు చెప్పడానికి వంట షెడ్డుకి వెళ్తే గార్డియన్లు మమ్మల్ని కూర్చోబెట్టారు. ‘మీరు మాకు చేశారు, ఇప్పుడు మీకేం కావాలో చెప్పండి’ అన్నారు. నాకు షుగర్ ఉందన్నాను. ఎన్సీమా కెలుకుతున్న పెద్దమ్మ తెడ్డు ఆపి దుబాసీని ఏదో అడిగింది. వాడు నవ్వాపుకుంటూ, ‘తిండి ఎక్కువైతే వచ్చే జబ్బా అని అడుగుతోంది’ అన్నాడు. ఇంచుమించు అంతేనన్నాను. షెడ్డంతా గొల్లుమంది. ఆ తర్వాత ఆవిడ పిండి అంటిన చెయ్యి నా నెత్తిన పెట్టింది, మిగతావాళ్లు చుట్టూ చేరి అందరూ ఒకేసారి బిగ్గరగా మొదలుపెట్టారు. పొయ్యి పొగకి నా కళ్లు మండుతున్నాయి. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టినా ఒక్కరూ ఆపలేదు.

షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా వేసుకుంటూనే ఉన్నాను.