కృష్ణలో కారు

కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కామో లేదో, ఫోన్ కేబుల్ కాస్త కదిలింది. స్క్రీన్ మీద ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాప్‌ని కారు స్క్రీన్ మీద చూపించేది) మాయమై, కారు సొంత మ్యాప్ వచ్చేసింది. అందులో మా బాణం గుర్తు రోడ్డు దిగి నీలం రంగులో ఈదుతోంది.

పక్క సీట్లోంచి అమ్మ: "ఏరా, మనం కృష్ణలో ఉన్నామా?"

పాపం, కారు మ్యాప్ తప్పేం లేదు. కారు 2018ది, ఫ్లైఓవర్ తెరిచింది 2020లో. ఆ మ్యాప్ కోసమే అప్పట్లో టాప్ మోడల్ కొన్నాను. ఒక్కసారి కూడా అప్‌డేట్ చేయలేదు.

అలాగని పూర్తిగా వదిలేయలేను. అమ్మకి ఎఫ్ఎం కావాలంటే ఆండ్రాయిడ్ ఆటోలోంచి బయటికొచ్చి కారు మెనూలోకే వెళ్లాలి. రివర్స్ కెమెరా దానిదే. ఫోన్‌కి సిగ్నల్ పోయినా దానికి దారి తెలుసు, పాతదారే అనుకోండి. ఇద్దరు కోడళ్లున్న ఇల్లులా ఉంది నా డాష్‌బోర్డు.

కేబుల్ మళ్లీ గుచ్చేసరికి ఫ్లైఓవర్ దిగిపోయాం. అమ్మ మాత్రం ఇంటికెళ్లగానే పిన్నికి ఫోన్ చేసింది: "వీడు మమ్మల్ని కృష్ణలోంచి తీసుకొచ్చాడే!"