మూడో ప్రయత్నంలో జేఆర్ఎఫ్: స్టెమ్ సెల్స్ నాకు నేర్పిన చదువు

నిన్న సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష రిజల్ట్ వచ్చింది. జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్! ఆమదాలవలస పక్కన మా ఊళ్లో రాత్రి మా ఇంట ఎవరికీ నిద్ర లేదు. సిలబస్, మార్కుల లెక్క జోలికి పోను. రెండో ప్రయత్నం ఎలా పోయిందో చెప్తాను.

యూనిట్ 5 మీద, అంటే జీవి ఎలా ఎదుగుతుందో చెప్పే డెవలప్‌మెంటల్ బయాలజీ మీద, నాకు మహా ధీమా. మామూలు కణాన్ని స్టెమ్ సెల్ (వేరే కణాలుగా మారగల మూల కణం) లాంటిదిగా మార్చడానికి శాస్త్రవేత్త యమనాకా 2006లో వాడిన నాలుగు జన్యువులు ఆక్ట్4, సాక్స్2, కెఎల్ఎఫ్4, సీ-మిక్ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. స్టెమ్ సెల్ చీలితే ఒకటి తనలాగే ఉంటుంది, రెండోది వేరే కణమవుతుంది అని కంఠతా పట్టాను. ఎందుకలా అని ఏనాడూ అడగలేదు. పార్ట్ సీలో రెండు ప్రశ్నలు అక్కడే తప్పాను. ఎనిమిది మార్కులు పోయి, తప్పు జవాబులకు పైన రెండు మైనస్. కటాఫ్ అంతకన్నా తక్కువ తేడాతో తప్పిపోయింది.

ఆ ఏడు నూర్పులయ్యాక నాన్న ఒక బస్తా విత్తనానికని అటకెక్కించారు, మిగతావి మిల్లుకెళ్లాయి. అంతా ఒకే కళ్లంలోని ధాన్యం. గింజలో తేడా లేదు, చేరిన చోటులోనే ఉంది. ఆ రాత్రే డ్రోసోఫిలా (పండ్ల ఈగ) అండాశయం బొమ్మ మళ్లీ తీశాను. దాని కొసన జెర్మేరియం అనే భాగంలో, క్యాప్ కణాలనే ఆసరా కణాలను అంటుకుని ఉన్న స్టెమ్ సెల్‌కి డీపీపీ అనే ప్రోటీన్ సంకేతం అందుతుంది, అది కణాన్ని వేరేగా మార్చే బ్యామ్ జన్యువును అణిచిపెడుతుంది. చీలాక ఒక పిల్ల కణం అక్కడే ఉంటుంది. పక్కకు జరిగినదానికి సంకేతం చాలదు, బ్యామ్ పనిచేయడం మొదలవుతుంది, అది అండం వైపు నడిచే సిస్టోబ్లాస్ట్ అనే కణం అయిపోతుంది. నాలుగుసార్లు చీలి 16 కణాలవుతుంది: ఒకటి అండకణం, దాన్ని పోషించే 15 నర్స్ కణాలు. శాస్త్రవేత్త షోఫీల్డ్ 1978లో నిష్ (స్టెమ్ సెల్‌ని నిలిపి ఉంచే చోటు) అన్నది ఇలాంటి చోటునే!

అలాగని ప్రతి స్టెమ్ సెల్ ఇలాగే చీలదు, నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఎలుక పేగు గోడలో క్రిప్టులనే చిన్న గుంటల్లో ఎల్‌జీఆర్5 అనే గుర్తున్న స్టెమ్ సెల్స్ చీలితే చాలాసార్లు రెండూ ఒకేలా ఉంటాయి. అడుగున ఆసరా ఇచ్చే పానెత్ కణాల మధ్య చోటు దొరికినవి స్టెమ్ సెల్స్‌గా నిలుస్తాయి, దొరకనివి పైకి జరిగి పేగు కణాలవుతాయి. ఒకటి స్టెమ్ సెల్, ఒకటి వేరే కణం అన్న లెక్క గుంపు మొత్తంలో సరిపోతుంది, ఒక్కో కణంలో కాదు.

మిగతా యూనిట్లు పాత పేపర్లతోనే లాగించాను. లెక్కలూ తర్కమూ ఉండే పార్ట్ ఏకి రోజూ అరగంట.

పెళ్లి చేయకుండా ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టారని చుట్టాలు అమ్మను అన్నారు. నేను ఖాళీగా లేను. రెండేళ్లు నాలుగున్నరకే లేచాను, జ్వరమొచ్చినా మానలేదు. హైదరాబాద్ కోచింగ్‌కి డబ్బుల్లేవు కాబట్టి ఒక్కో బొమ్మ పదిసార్లు వేశాను. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీరూ ఈ రోజే జెర్మేరియం బొమ్మ చేత్తో వేయండి. డీపీపీ బాణం ఎక్కడ ఆగుతుందో అక్కడ గీత గీయండి. గీతకి ఇవతల స్టెమ్ సెల్, అవతల సిస్టోబ్లాస్ట్.