ఎక్స్‌రే బాగుందన్నారు

తుంటి దగ్గర తొడ ఎముకకి ఒక మెడ ఉంటుంది. గుండ్రటి తలని కింది పొడవాటి ఎముకతో కలిపే సన్నటి భాగం. నా కుడికాలికి సరిగ్గా అక్కడ పగులొచ్చింది. కిందపడలేదు, దెబ్బ తగల్లేదు, పరుగు వల్లే వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, కొద్ది కొద్దిగా పరిగెత్తుతున్నాను కూడా. కాబట్టి రాయగలుగుతున్నాను. అప్పుడే రాసుంటే తిట్లు తప్ప ఏమీ మిగిలేవి కావు.

నలభై దాటాక మొదలైన నడక మెల్లగా పరుగయింది. చాలాకాలం హాయిగా సాగింది. తరవాత మా గుంపుకి కొత్త శిక్షకుడు వచ్చాడు. దూరం పెంచాడు, వేగం పెంచాడు, పైగా ఎత్తెక్కే పరుగులు చేర్చాడు. మూడూ ఒకేసారి. మధ్యలో ఉండే సెలవు రోజు తీసేశాడు. గజ్జలో లోపలెక్కడో సలుపుతోందని చెప్తే "నొప్పి వస్తోందంటే ఒళ్ళు పనిచేస్తోందన్నమాట, ఆపకండి మేడమ్" అన్నాడు. ఆ మాటని నేనింకా క్షమించలేదు. కండరాల నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఎముక నొప్పి అలా కాదు. ఒకేచోట పట్టుకుని ఉంటుంది, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది, చివరికి పడుకున్నా వదలదు. మనుషుల్ని పరిగెత్తించేవాడికి ఈ తేడా తెలిసుండాలి.

మొదట చూపించుకున్న డాక్టరు ఎక్స్‌రే తీయించారు. ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఎముక బ్రహ్మాండంగా ఉంది, కండరం పట్టేసింది, అంతే" అన్నారు. మాత్రలు రాశారు. లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి ఇంకో మాట: "ఈ వయసులో పరుగులేమిటమ్మా? మోకాళ్ళలో గుజ్జంతా అరిగిపోతుంది. ఇక జన్మలో పరిగెత్తకండి."

ఆ రాత్రి సంగతి చెప్పాలి. అర్ధరాత్రి దాటాక పక్కకి తిరగబోతే గజ్జలో ఏదో కలుక్కుమంది. చప్పుడే వచ్చిందో, వచ్చినట్టు నాకనిపించిందో తెలీదు. కాలు ఎత్తుదామంటే లేవలేదు. రెండు చేతులతో తొడ పట్టుకుని జరపాల్సొచ్చింది. "ఏమండీ, కాలు నా మాట వినట్లేదు" అని మావారిని లేపాను. ఆయన లైటు వేసి, నా పక్కన కూర్చుని, "ఎముక బాగుందని డాక్టరే చెప్పారుగా, కండరమేలే, పొద్దున్నే వెళ్దాం" అన్నారు. ధైర్యం చెప్పాలనే అన్నారు. కానీ ఆ ఎక్స్‌రే మాట ఆ ఇంట్లో నాకు నొప్పి లేదని సాక్ష్యం చెప్తున్నట్టుగా ఉంది. మా అమ్మమ్మ తుంటి విరిగి మంచాన పడింది, మళ్ళీ లేవలేదు. కళ్ళు మూసుకుంటే ఆ మంచమే.

బాత్రూముకి వెళ్ళాల్సొచ్చింది. ఆయన భుజం పట్టుకుని నడవబోయాను. అలికిడికి లేచి వచ్చిన మా అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయి, "అమ్మా, ఆ కాలు కింద పెట్టకు!" అని అరిచింది. చదువుకునే బల్ల దగ్గరి చక్రాల కుర్చీ తోసుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. దానికి వైద్యం తెలీదు. నా మొహం చూసి అంది, అంతే. ఆ మాట దాని నోట పలికించింది దేవుడేనని నేను నమ్ముతాను. ఎవరెన్ని చెప్పినా నమ్ముతాను.

ఎందుకంటే ఇంకో డాక్టరు దగ్గర ఎమ్మారై తీశాక తెలిసింది. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే దెబ్బ తగలకుండానే పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే పగులు. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడనే కనబడదట. ఆ మెడ విరిగి పక్కకి జరిగితే ఎముక తలకి రక్తం అందడం ఆగిపోవచ్చు, తల చచ్చుబడిపోవచ్చు, తుంటి మార్చాల్సిరావచ్చు. "మీకు మెడ కిందివైపు వచ్చింది, ఒత్తిడి పడే వైపు. పైవైపు వచ్చుంటే ఇవాళే స్క్రూలు వేసేవాణ్ణి" అన్నారాయన. నా ముందు కాగితం మీద బొమ్మ గీసి, నాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పారు. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

రక్తపరీక్షలు, తక్కువగా ఉన్న విటమిన్ డి, చంకకర్రలు, వారాల తరబడి ఆ కాలు మీద బరువు పెట్టకపోవడం, అవన్నీ అందరికీ ఉండేవే. ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పట్టుకున్నది ఒకటి. ఎముక బతికున్న పదార్థం. పరుగు తాకిడికి అందులో కంటికి కనబడని చీలికలు వస్తూనే ఉంటాయి. ఒక రకం కణాలు ఆ చెడినచోటుని సుమారు 3 వారాల్లో తవ్వి తీసేస్తాయి. దాన్ని కొత్త ఎముకతో పూడ్చే కణాలకి సుమారు 3 నెలలు పడుతుంది. ఈలోగా బరువు ఒక్కసారి పెంచి, విరామం తీసేస్తే, తవ్వకమే ముందుకెళ్తుంది. నా కాల్లో జరిగింది అదీ.

అసలు కష్టం చంకకర్రలు వదిలాక మొదలైంది. కాలు కింద పెట్టడానికి భయం. ఇంట్లో అందరూ "కదలకు, నీకెందుకు" అనేవాళ్ళు. ప్రేమతోనే. నాకేమో ఆ మొదటి డాక్టరు మాట చెవిలో మోగుతుండేది: జన్మలో పరిగెత్తకండి. ఫిజియోథెరపిస్టు ఆ భయాన్ని ఒప్పుకోలేదు. "బరువు లేకపోతే ఎముక పల్చబడుతుందండీ. అంతరిక్షంలో ఉండేవాళ్ళకి తుంటి దగ్గర నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక తరిగిపోతుంది" అంది. బరువుని బట్టి ఎముక తన నిర్మాణం మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడట. టెన్నిస్ ఆడేవాళ్ళకి రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా లావుగా ఉండేది కూడా అందుకే. ఈత, సైకిలు గుండెకి మంచివే, ఎముకని మాత్రం పెద్దగా పెంచవు.

గుజ్జు సంగతీ అంతే. దానికి రక్తనాళాలు లేవు. నొక్కుకుని వదులైనప్పుడల్లా కీలులోని ద్రవంనుంచే పోషణ తీసుకుంటుంది. 2017లో చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సరదాగా పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికి, కదలకుండా ఉండేవాళ్ళలో 10.2 శాతం మందికి, పోటీ స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం మందికి కనబడింది. రెండు చివర్లూ చెడ్డవే. ఇది చదివిన రోజు నాకు మళ్ళీ కోపం వచ్చింది. తెల్లకోటు వేసుకున్న మనిషి గుమ్మం దాటేలోపు విసిరేసిన ఆ మాటకి నేను నెలల తరబడి మెట్లంటే వణికాను.

ఇప్పుడు పరుగు తక్కువ, బరువులు ఎక్కువ. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు నెలసరి ఆగిపోయి, ఎముక పల్చబడ్డ స్త్రీల చేత దగ్గరుండి వారానికి రెండుసార్లు అరగంట చొప్పున భారీ బరువులు ఎత్తించారు, ఎగిరి దిగడం చేయించారు. 8 నెలలకి వాళ్ళ వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామాలు చేసుకున్నవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. తీవ్రత వాళ్ళకి మేలే చేసింది. అయితే పక్కన తెలిసిన మనిషి ఉన్నారు, బరువు మెట్టు మెట్టుగా పెరిగింది, మధ్యలో విశ్రాంతి ఉంది.

మొదటి డాక్టరుకి నా ఎమ్మారై రిపోర్టు కాపీ పంపాను. జవాబు రాలేదు, నేను ఎదురుచూడటం కూడా మానేశాను.

మీలో ఎవరైనా పరిగెత్తుతూ ఉండి, గజ్జలోనో పిక్క ఎముక మీద ఒకేచోటో నొప్పి వచ్చి, రోజురోజుకీ పెరుగుతుంటే పరుగు ఆ రోజే ఆపండి. ఒంటికాలి మీద గెంతి పరీక్షించుకోవద్దు. తుంటి దగ్గరైతే ఆ కాలు మీద బరువే మోపకండి. ఎక్స్‌రే బాగుందంటే "మరి ఎమ్మారై అక్కర్లేదా?" అని అడగండి, విసుక్కున్నా అడగండి. పరిగెత్తే ఆడపిల్లలకి తిండి చాలక నెలసరి తప్పుతుంటే అదీ డాక్టరుకి చెప్పండి, ఎముక పల్చబడుతోందనడానికి అది ముందస్తు గుర్తు కావచ్చు. నయమయ్యాక ఎవరైనా ఇక కదలొద్దంటే, ఎందుకో, ఎన్నాళ్ళో చెప్పమనండి.